అలవాటు పడతాయి, పాలు తగ్గించుకుని

ఈ వారం ఉత్తరం మొయినాబాద్ వైపు నుంచి వచ్చింది. రాసినాయన హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తూ, ఊళ్లో నాన్నగారితో కలిసి చిన్న డెయిరీ నడుపుతున్నారు. ఉత్తరం పెద్దదే, ముఖ్యమైన భాగం ఇదీ:

"డాక్టర్ గారూ, ఫిబ్రవరిలో హర్యానా నుంచి నాలుగు ముర్రా బర్రెలు తెచ్చాం. అంతకుముందే రెండు హెచ్ఎఫ్ (హోల్‌స్టీన్ ఫ్రీజియన్ అనే విదేశీ జాతి) క్రాస్ ఆవులున్నాయి. వచ్చిన కొత్తలో బర్రె పూటకు ఐదు లీటర్ల దాకా ఇచ్చేది. ఏప్రిల్ వచ్చేసరికి మూడుకు పడిపోయింది. ఆవులదీ అదే కథ. దాణా పెంచాం, ఫలితం లేదు. లోకల్ డాక్టర్ చూసి జబ్బేమీ లేదన్నారు. నాన్న ఏమో 'ఎండలు కదరా, పదిహేను రోజులైతే అవే అలవాటు పడతాయి' అంటున్నారు. నెల దాటింది, పాలు పెరగలేదు. ఒక బర్రె ఈని ఐదు నెలలైనా ఎదకు రాలేదు, దాన్ని అమ్మేద్దామంటున్నారు. ఇంకోటి చూడితో వట్టిపోయింది, దాన్ని వెనక రేకుల కింద కట్టేశాం. ఇవన్నీ తీసేసి గిర్ ఆవులు తెచ్చుకుంటే మేలా? ఇంకో మాట, అమ్మ పెంచే కోళ్ల గుడ్లు చేత్తో పట్టుకుంటేనే పగులుతున్నాయి. దానికీ ఎండకీ సంబంధం ఉందా?"

ముందు మీ నాన్నగారి మాట తీసుకుందాం. ఆయన చెప్పింది నిజమే. పశువు ఎండకు అలవాటు పడుతుంది. మీ బర్రెలు కూడా ఈపాటికి అలవాటు పడే ఉంటాయి. మీ చిక్కల్లా ఎక్కడంటే, అలవాటు పడటం అంటే మళ్లీ పాత పాలు ఇవ్వడం అని మీరిద్దరూ అనుకుంటున్నారు. పశువు ఒంట్లో జరిగేది వేరు. అది పాలు తగ్గించుకునే ఎండకు అలవాటు పడుతుంది. మీ డాక్టర్ జబ్బు లేదన్నది అందుకే.

ఆవుకైనా బర్రెకైనా ఒంటి వేడి 38 నుంచి 39 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉండాలి. ఈ వేడి బయటి ఎండ నుంచి మాత్రమే రాదు. వాటి పెద్ద పొట్టలో కోట్లాది సూక్ష్మజీవులు గడ్డిని పులియబెడుతుంటాయి. అది కడుపులో పొద్దస్తమానం మండే పొయ్యి. ఎండుగడ్డి ఎంత ఎక్కువ పడితే పొయ్యి అంత ఎక్కువ మండుతుంది. దానికి తోడు పాలు తయారు కావడంలోనూ వేడి పుడుతుంది. పది లీటర్లిచ్చే పశువు మూడు లీటర్లిచ్చే దానికంటే ఎక్కువ వేడిని బయటికి పంపాలి. ఎండాకాలంలో మంచి పాడి పశువే ముందు ఇబ్బంది పడేది ఇందుకే. మీరు డబ్బు పోసి తెచ్చినవి సరిగ్గా అవే.

గాలి చల్లగా ఉన్నప్పుడు ఈ వేడి చర్మం మీంచి దానంతటదే పోతుంది. మధ్యాహ్నం బయట 40 డిగ్రీలుంటే గాలే చర్మం కంటే వేడి. అప్పుడు మిగిలిన దారులు రెండే: చెమట, రొప్పడం. ఇక్కడ బర్రె గురించి ఒక మాట చెప్పాలి. ఆవుతో పోలిస్తే బర్రె చర్మంలో చెమట గ్రంథులు ఆరో వంతే ఉంటాయని లెక్క. పైగా నల్లటి చర్మం, పల్చటి వెంట్రుకలు, అడ్డు లేక ఎండ వేడి నేరుగా ఒంటికి పడుతుంది. ఈ జంతువును ప్రకృతి తయారు చేసిందే చెరువులో పడుకోవడానికి. ఒంటికి పట్టిన నీళ్లూ బురదా ఆరుతూ వేడిని తీసుకుపోతాయి, చెమట పని అవి చేస్తాయి. నీడా నీళ్లూ దొరికితే మాత్రం బర్రె ఆవు కంటే త్వరగా చల్లబడుతుంది. మనం దాన్ని తెచ్చి రేకుల కింద సిమెంటు గచ్చు మీద గొలుసుతో కట్టేసి, చెరువు లేకుండానే చెరువు నాటి పాలు అడుగుతున్నాం. (అలాగని గండిపేట వైపు తోలుకుపోకండి. ఆ నీళ్లు హైదరాబాద్ తాగుతుంది.)

ఇప్పుడు పశువు వరసగా ఏం చేస్తుందో చూడండి. ఎండ తగిలిన మొదటి గంటల్లో రక్తాన్ని లోపలి నుంచి చర్మం వైపు మళ్లిస్తుంది. నీళ్లు ఎక్కువ తాగుతుంది. పడుకోకుండా నిలబడుతుంది, ఒంటికి నాలుగు వైపులా గాలి తగలాలని. శ్వాస పెంచుతుంది. మీరు రేపు మధ్యాహ్నం రెండు గంటలకు కొట్టంలోకి వెళ్లి, పశువు పక్కన కాస్త దూరంగా నిలబడి, డొక్క ఎన్నిసార్లు ఎగిరి పడుతుందో నిమిషం పాటు లెక్కపెట్టండి. 40 లోపు అయితే బాగానే ఉన్నట్టు. 60 దాటితే వేడికి ఇబ్బంది పడుతోంది. 100 దాటి, నోరు తెరిచి నాలుక బయట పెట్టిందంటే ఆ పూట ఇంకే పనీ పెట్టుకోకుండా దాన్ని చల్లబరచాలి. ఈ లెక్కకు ఏ మెషినూ అక్కర్లేదు, మిగతా సలహాలన్నీ దీని మీదే ఆధారపడతాయి.

రొప్పడం వల్ల ఇంకో నష్టం ఉంది. ఊపిరితో పాటు కార్బన్ డయాక్సైడ్ ఎక్కువగా పోయి రక్తంలో క్షారం పెరుగుతుంది. దాన్ని సరిచేయడానికి మూత్రపిండాలు బైకార్బొనేట్‌ను (తినే సోడాలో ఉండేది ఇదే) బయటికి తోసేస్తాయి. మామూలుగా ఆ బైకార్బొనేట్ లాలాజలంతో పొట్టలోకి వెళ్లి అక్కడి ఆమ్లాన్ని అదుపులో ఉంచాలి. పెద్ద పాడి ఆవు రోజుకు 100 లీటర్లకు పైగా లాలాజలం మింగుతుంది. ఎండలో అందులో కొంత చొంగగా నేల పాలవుతుంది, మిగిలిన దాంట్లోనూ సోడా సత్తువ తగ్గుతుంది. గడ్డి తక్కువ తింటుంది కాబట్టి నెమరూ తక్కువే. సరిగ్గా ఈ సమయంలో మీరు దాణా పెంచారు. గడ్డి తగ్గి దాణా పెరిగితే పొట్టలో పులుపు పెరుగుతుంది, పాలల్లో వెన్న శాతం పడిపోతుంది. పెంచిన దాణాను పాత స్థాయికి తెచ్చేయండి. దాణాలో తినే సోడా రోజుకు 100 నుంచి 150 గ్రాములు కలపొచ్చు, మీ పశువు బరువు చూసి మీ డాక్టర్ మోతాదు చెబుతారు. చెమటతో ఆవులకు పొటాషియం ఎక్కువగా పోతుంది కాబట్టి ఉప్పూ ఖనిజ లవణ మిశ్రమమూ మానకండి.

ఎండ రోజుల తరబడి సాగితే ఒళ్లు ఇంకో మెట్టు దిగుతుంది. ఒంట్లో మంట ఎంత మండాలో చెప్పే థైరాయిడ్ హార్మోన్లు తగ్గుతాయి. దాంతో ఆకలి తగ్గుతుంది, పుట్టే వేడీ తగ్గుతుంది. కణాల్లో హీట్ షాక్ ప్రొటీన్లు పెరిగి, మిగతా ప్రొటీన్లు వేడికి చెడిపోకుండా కాపలా కాస్తాయి. ఇదంతా కొన్ని వారాల్లో కుదురుకుంటుంది. మీ నాన్నగారు చూసిన 'అలవాటు' ఇదే: రొప్పడం తగ్గుతుంది, పశువు నెమ్మదిస్తుంది. పాలు మాత్రం తగ్గిన చోటే నిలుస్తాయి.

చాలామంది 'మేత తగ్గింది కాబట్టి పాలు తగ్గాయి' అనుకుంటారు. అందులో సగమే నిజం. చల్లటి చోట కట్టిన ఆవుకు, ఎండలో ఉన్న ఆవు తిన్నంతే మేత కొలిచి పెట్టి చూశారు. ఎండలోని ఆవుకు పాలు ఎంత పడిపోయాయో, చల్లగా ఉన్న దానికి అందులో సగం దాకా మాత్రమే తగ్గాయి. మిగతా సగం ఎక్కడికి పోయింది? మామూలుగా మేత చాలనప్పుడు పశువు తన కొవ్వు కరిగించి నెట్టుకొస్తుంది. గ్లూకోజు పొదుగుకు మిగులుతుంది, దాంతోనే పాలలో చక్కెర తయారవుతుంది. ఎండలో ఇన్సులిన్ పెరిగి కొవ్వు కరగనివ్వదు. ఒళ్లు గ్లూకోజునే వాడుకుంటుంది. పైగా రక్తం చర్మం వైపు పోవడంతో పేగు గోడ బలహీనపడుతుంది. అక్కడి నుంచి లోపలికి జారిన విషపదార్థాలతో పోరాడటానికీ గ్లూకోజే కావాలి. ఇక పొదుగుకు ఏం మిగులుతుంది? అందుకే దాణా పోసి ఈ లోటు పూడ్చలేరు. వేడి తగ్గిస్తేనే పూడుతుంది.

మీరు రాయలేదు గానీ, నగరం చుట్టుపక్కల కొట్టాల్లో నేను చూసేది కాబట్టి చెబుతున్నాను. పాలు తగ్గగానే ఎవరో ఒకరు వచ్చి పాలు జారే ఇంజెక్షన్ వేయమంటారు. ఆక్సిటోసిన్ పొదుగులో ఉన్న పాలను కిందికి వదిలిస్తుంది, లేని పాలను పుట్టించదు. అలా వాడటం చట్టవిరుద్ధం కూడా. ఆ మనిషిని గేటు దగ్గరే పంపించేయండి.

చేయాల్సిన పనుల్లో మొదటిది నీళ్లు. మీ కొట్టం మీద నల్లటి సింటెక్స్ ట్యాంకు ఉందని నా అనుమానం. మధ్యాహ్నం పైపు తిప్పి చెయ్యి పెట్టి చూడండి. మీరు పట్టుకోలేనంత వేడిగా వస్తుంటే పశువు మాత్రం ఎలా తాగుతుంది? ట్యాంకును నీడలోకి దించండి, లేదా చుట్టూ తడి గోనెపట్టాలు కట్టండి. తొట్టి నీడలో ఉండాలి, రోజూ కడగాలి. పాలిచ్చే పెద్ద పశువుకు ఎండాకాలం రోజుకు 100 లీటర్లు దాటినా ఆశ్చర్యం లేదు. అవి రాత్రీ తాగుతాయి. పొద్దునా సాయంత్రం రెండు బక్కెట్లు చూపించి పని అయిందనుకుంటే కుదరదు.

మేత వేళలు మార్చండి. తిన్న మూడు నాలుగు గంటలకు కడుపులో వేడి ఎక్కువవుతుంది. పొద్దున తొమ్మిదికి గడ్డి వేస్తే లోపలి వేడీ బయటి ఎండా మధ్యాహ్నం ఒకేసారి కలుస్తాయి. తెల్లవారుజామున నాలుగైదింటికి కొంత, ఎక్కువ భాగం రాత్రి ఎనిమిది తర్వాత వేయండి. మధ్యాహ్నం పచ్చిగడ్డి కొంచెం చాలు. పచ్చి మేతంటే ఇంకో జాగ్రత్త: నీళ్లందక వాడిన లేత జొన్న, కోశాక మళ్లీ వచ్చిన జొన్న పిలకలు ఎండాకాలం పశువుకు వేయకండి. ఎండకు తట్టుకునే క్రమంలో జొన్న మొక్క తనలో సైనైడ్ విషం పుట్టించే పదార్థాన్ని పోగేసుకుంటుంది. మనవాళ్లు నాము అనేది దాన్నే. గంటలో ప్రాణం తీస్తుంది.

ఇక తడపడం. పెద్ద చుక్కలు పడేలా పైపుతోనో స్ప్రింక్లర్‌తోనో చర్మం దాకా తడిసేలా రెండు మూడు నిమిషాలు కొట్టి, ఆపి, ఫ్యాన్ గాలి తగలనివ్వాలి. ఆరాక మళ్లీ తడపాలి. వేడి పోయేది నీళ్లు పడినప్పటి కంటే ఆ నీళ్లు ఆరేటప్పుడు ఎక్కువ. అందుకే ఫ్యాన్ లేకుండా సన్నటి పొగమంచు లాంటి తుంపర పెడితే కొట్టంలో ఉక్క పెరగడం తప్ప లాభం లేదు. నాలుగు వైపులా గోనెపట్టాలు దించి తడిపినా అంతే, గాలి ఆడే పక్క ఒకటైనా తెరిచి ఉంచండి. నీళ్లు పొదుగు మీదుగా కారి కింద నిలవకూడదు, పొదుగువాపుకు అది చాలు. రేకుల మీద వరిగడ్డి పరచడం, పైన సున్నం కొట్టడం చవకైన పనులు. ఈ ఆదివారం ఒక్క పూటలో అయిపోతాయి.

హైదరాబాద్ ఎండలో మనకు కలిసొచ్చేదొకటుంది. ఏప్రిల్, మే మధ్యాహ్నాల్లో గాలి పొడిగా ఉంటుంది, తడి త్వరగా ఆరుతుంది. అసలు గండం జూన్‌లో. పాడి పశువులకు వేడినీ తేమనూ కలిపి చూసే సూచీ ఒకటుంది, అది 72 దాటితే ఆవుకు ఇబ్బంది మొదలైనట్టు. 25 డిగ్రీలు, సగం తేమ ఉంటే చాలు, ఆ 72 వచ్చేస్తుంది. 40 డిగ్రీల ఎండ, 30 శాతం తేమ ఉన్న మే మధ్యాహ్నానికి సూచీ 86. తొలకరి పడ్డాక 33 డిగ్రీలే ఉండి తేమ 65 శాతమైతే 85. రెంటికీ తేడా ఒకటే పాయింటు! మనకు చల్లబడినట్టు అనిపించి అందరూ ఫ్యాన్లు ఆపేసేది అప్పుడే. గాలిలో తేమ నిండి ఉంటే తడి ఆరదు కాబట్టి ఆ రోజుల్లో నీళ్లు తగ్గించి గాలి పెంచండి. రాత్రి గాలి కూడా ముఖ్యమే. పగలు పోగేసుకున్న వేడిని పశువు వదిలించుకునేది రాత్రే. వీలైతే కొట్టంలోంచి విప్పి ఆరుబయట కట్టండి. ఒక రోజు ఎండ దెబ్బ పాలలో కనిపించడానికి ఒకటి రెండు రోజులు పడుతుంది, ఇవాళ్టి పాలు చూసి ఇవాళ్టి పనిని అంచనా వేయకండి.

గిర్ సంగతికొద్దాం. మన దేశవాళీ జాతులు, ఒంగోలు కానీ, గిర్ కానీ, మహారాష్ట్ర సరిహద్దు వైపు కనిపించే దేవని కానీ, ఎండను తట్టుకోవడం కొన్ని వారాల్లో నేర్చింది కాదు. వందల తరాల పాటు ఎండకు నిలిచినవే మిగిలాయి. పెద్ద చెమట గ్రంథులు, వేలాడే గంగడోలు, నున్నటి పొట్టి వెంట్రుకలు. ఒంగోలు గిత్తను దగ్గరగా చూస్తే తెల్లటి వెంట్రుకల కింద నల్లటి చర్మం కనిపిస్తుంది. వెంట్రుక ఎండను వెనక్కి కొడుతుంది, చర్మం లోపలికి దిగనివ్వదు. ఇవే పశువులు సముద్రం దాటి బ్రెజిల్ వెళ్లి, నెల్లూరు పేరుతోనే నెలోర్ జాతిగా అక్కడ మంద కట్టాయి. ఇంత గొప్ప చెప్పి కూడా ఇప్పుడు కొనమని మాత్రం అనను. ఈ జాతులు తట్టుకోవడంలో ఒక భాగం, అవి తక్కువ వేడి పుట్టించడం, అంటే తక్కువ పాలివ్వడం. మే నెలలో నష్టానికి బర్రెలమ్మి, ఫ్యాషన్ ధర పెట్టి గిర్ తెస్తే రెండు వైపులా దెబ్బ. మీ హెచ్ఎఫ్ క్రాస్ ఆవులకు పుట్టబోయే దూడల్లో విదేశీ రక్తం సగం మించకుండా వీర్యం ఎంచుకోండి. జాతి మార్పు అలా నిదానంగా రావాలి.

వెనక రేకుల కింద కట్టేశానన్న చూడి బర్రె గురించి చదివినప్పుడు నాకు నిజంగా టెన్షన్ వచ్చింది. పాలివ్వడం లేదు కదా అని దాన్ని అందరూ పక్కకు నెట్టేస్తారు. ఈనడానికి ముందు రెండు నెలల్లోనే పొదుగులో కొత్త పాల కణాలు తయారవుతాయి. ఆ సమయంలో వేడి తగిలితే అవి తక్కువగా పుడతాయి, ఈనాక ఎంత చల్లగా చూసుకున్నా ఆ ఈతంతా పాలు తక్కువే. దూడ బరువు తక్కువగా పుడుతుంది. ఆవుల్లో ఇంకో తరం దాకా లెక్క కట్టారు: కడుపులో ఉండగా వేడి తిన్న పెయ్య పెరిగి ఈనాక, అది కూడా తక్కువే ఇస్తుంది. కొట్టంలో అన్నిటికన్నా చల్లటి చోటు ఎక్కడుందో ఆ బర్రెను ఇవాళే అక్కడికి మార్చండి. పాలిచ్చే వాటికి ఫ్యాన్ చాలకపోయినా సరే.

గుడ్ల సంగతి. అవును, ఎండదే. కోడికి చెమట గ్రంథులే ఉండవు, ఒంటి వేడి 41 డిగ్రీల పైమాటే. రెక్కలు ఎడం చేసి, నోరు తెరిచి రొప్పుతుంది. పెంకు తయారు కావడానికి రక్తంలో కార్బొనేట్ కావాలి, అది రొప్పుతోనే పోతోంది. అందుకే ఒక్క సున్నం పెడితే సరిపోదు. మధ్యాహ్నం మేత మానేసి చల్లటి నీళ్లు పెట్టమనండి. గవ్వల పొడి లాంటిది సాయంత్రం వేయమనండి, పెంకు ఎక్కువగా కట్టేది రాత్రి. అమ్మగారి గుంపులో మెడ మీద ఈకలు లేని కోళ్లుంటే వాటిని ఉంచుకోమనండి. ఆ బోడి మెడ వేడిని బాగా వదులుతుంది.

ఏ పశువైనా తూలుతూ నిలబడలేకపోయినా, ఒంటి వేడి 41 డిగ్రీలు దాటినా నీడకు చేర్చి తల నుంచి తోక దాకా నీళ్లు పోస్తూ ఉండండి. నోట్లో బలవంతంగా నీళ్లు పోయకండి, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. 1962కు ఫోన్ చేస్తే సంచార పశువైద్యశాల వస్తుంది. రాజేంద్రనగర్‌లోని వెటర్నరీ యూనివర్సిటీ కూడా మీకు దగ్గరే.

మిగిలింది ఎదకు రాని బర్రె. బర్రెలు పగలు కురచయ్యే కాలంలో ఎక్కువగా ఎదకొస్తాయి, ఎండాకాలం చాలా వాటిలో అండాశయం సద్దుమణుగుతుంది. పాల హార్మోను ప్రొలాక్టిన్ ఎండల్లో పెరగడం కూడా దీనికి ఒక కారణం. ఎదకొచ్చినా మూగ ఎద. అరుపు ఉండదు, తీగలు (మానం నుంచి జారే జిగురు) అంతంతమాత్రం, అదీ రాత్రి చల్లబడ్డాక. మీరు పొద్దున ఎనిమిదింటికి చూస్తే ఏమీ కనిపించదు. రాత్రి పదింటికోసారి, తెల్లవారుజామున ఓసారి టార్చి పట్టుకుని చూడండి. ఈ మండుటెండల్లో కృత్రిమ గర్భధారణ చేయించినా, మొదటి కొద్ది రోజుల్లోనే పిండం వేడికి పోయే అవకాశం ఎక్కువ. ఇప్పుడు ఆరాటపడి లాభం లేదు. డాక్టర్‌తో గర్భసంచి ఒకసారి పరీక్ష చేయించండి. లోపం లేదంటే, ఖనిజ లవణాలు పెడుతూ, రోజుకు రెండుసార్లు తడుపుతూ దసరా దాకా ఉంచండి. అప్పటికీ ఎదకు రాకపోతే అమ్మడానికి నేనూ ఒప్పుకుంటాను. గొడ్డుబర్రె అని పేరుపెట్టి మేలో అమ్మితే మాత్రం కోత ధరకు పోతుంది. కొన్నవాడి కొట్టంలో కార్తీకానికల్లా చూడి కట్టినా నేను ఆశ్చర్యపోను.